కోటదీపం దగ్గరి మామ

పొద్దుటి షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు కూయకముందే తంతి వచ్చింది. సముద్రపు ఒడ్డున పాత కోటలో లైట్‌హౌస్ చూసుకునే మా మామ, అమ్మకు తమ్ముడు, పోయాడు. మేము బస్సులు మారి చేరేసరికి తోటి పనివాళ్లే దహనం చేసేశారు.

తెల్లదొరలు కట్టిన కోట అది. ఫిరంగులు పోయి బురుజు మీద దీపం వచ్చింది. మందుగుండు దాచిన గదిలో మామ నూనె డబ్బాలు పెట్టుకునేవాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకు పోతే, పగలంతా దీపపు అద్దాలకు తెర కట్టి ఉండేది. "ఎండ ఈ అద్దంలో దూరిందంటే గదే కాలిపోతుంది పాపా. రాత్రి దీపాన్ని కాయాల, పగలు ఎండను కాయాల" అనేవాడు. మాట్లాడుతూ కూడా పంచె కొంగుతో ఏదో ఒక ఇత్తడి ముక్క తుడుస్తుండేవాడు.

మా ఇళ్లలో అక్క కూతురంటే తమ్ముడికే. నేను పుట్టిననాడే మాట అయిపోయింది. నా ఎస్సెల్సీ ముగియగానే ముహూర్తం మాట్లాడటానికి అవ్వ, అమ్మ నన్ను కోటకు తీసుకుపోయారు. మామతో బురుజెక్కి, ఆ ఓడలు ఎక్కడికి పోతాయి, ఆ ఊళ్లలో ఏముంటుందని అడుగుతూనే ఉన్నాను. ఆయన తుడవడం ఆపాడు.

"మదురైలో కాలేజీకి పోవాలనుందా?"

తల ఊపాను.

"సరి. నేనే వద్దన్నానని చెప్తా. నువ్వు నోరు తెరవద్దు. తప్పు నీ మీద పడితే నిన్ను ఇంట్లో కూర్చోబెడతారు. నన్నేం చేస్తారు? తిడతారు. ఇంత దూరం వినపడదులే."

కిందికి దిగి, ఈ ఉప్పుగాలిలో ఆడపిల్లతో కాపురం పెట్టలేనన్నాడు. అవ్వ కొడుకు ముఖం చూడకుండా లేచింది. ఆ తర్వాత మా ఇంటి ఏ పెళ్లికీ ఆయనకు పిలుపు పోలేదు. ఈ నాలుగు ముక్కలు మీకు రాయగలుగుతున్నానంటే ఆ చదువు వల్లే. సెలవులకు వచ్చినప్పుడల్లా అవ్వ "అక్క బిడ్డను వద్దన్నోడు" అని ఎత్తిపొడుస్తుంటే, అన్నం కలుపుకుంటూ వినేదాన్ని.

తంతి అందుకుని వచ్చిన ఆ సాయంత్రం, మామ లేని కోటలో అవ్వకు చెప్పాను.

"వద్దన్నది నేను అవ్వా. మామ కాదు."

అవ్వ కొట్టలేదు, ఏడవలేదు. కొత్తగా పనిలోకి వచ్చినాయన వైపు తిరిగి, "నా కొడుకు యాడ పడుకునేవాడు?" అని అడిగింది. గోడలో ఫిరంగి కంత ఉన్న గదిలో నులకమంచం చూపించాడు. అవ్వ దాని మీద మోకాళ్లు ముడుచుకుని, కంత వైపు తిరిగి పడుకుంది.

నేను గడప దాటలేకపోయాను. పైన దీపం వెలిగింది. కంతలో దూరపు నీళ్లు ఒకసారి తెల్లగా కనిపించి, మాయమై, మళ్లీ కనిపిస్తున్నాయి. అవ్వ కళ్లు మూయకుండా చూస్తూనే ఉంది.