అటునుంచి గంట రావాలె

గోదావరిఖనిలో నేను నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో, ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా నా ఇంటర్నెట్ పోయేది. రేకుల కప్పు మీద టెలిఫోన్ తీగకు ఒక అతుకు ఉండేది. భూమి అదిరితే ఊడేది. వచ్చినవాళ్లకు మాత్రం సముద్రం అడుగున తీగను చేప కొరికిందని చెప్పేవాణ్ని. ఏ చేప అని కూడా అడిగేవారు.

ఆ రోజు ఐదింటికి కాలేజీ దరఖాస్తు గడువు అయిపోతుంది. ఒక అమ్మాయి వివరాలన్నీ నింపుతోంది. వెనక ఆమె తండ్రి కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాడు. గనిలో బొగ్గు టబ్బుల్ని ఇనుప తాడుతో లాగే ఇంజిన్ నడిపే పని ఆయనది.

ఆమె బటన్ నొక్కగానే బ్లాస్టింగ్‌కు తలుపులు గడగడలాడాయి. తెర బిగుసుకుపోయింది.

“పోయిందా, తమ్మీ?”

“తెల్వదన్నా. మనం రాసింది ఒక్క మూటగ పోదు. ముక్కలైతది. ఒక్కో ముక్క మీద యాడికి పోవాల్నో ఉంటది. అటోళ్లు ముట్టిందంటేనే ముట్టినట్టు.”

“గంతేనా! నేను గంట కొడ్తే గనిల కిందోడు తిరిగి కొట్టాలె. కొట్టకుంటే తాడు కదిలియ్య.”

“మీ ముచ్చట్లు పాడుగాను! ఇది పోకుంటే ఈ యేడంత నేను ఇంట్లనే కూసోవాలె,” అంది అమ్మాయి.

నిచ్చెనెక్కాను. అతుకు దగ్గర తీగలు తుప్పుపట్టి, మెలేస్తే విరుగుతున్నాయి. రెండు కొసలూ వేళ్లతో కలిపి పట్టుకోవడమే దారి. పని కాగానే ఆయన షట్టర్ మీద ఒక దెబ్బ కొట్టాలి, నేను మడమతో రేకు మీద కొట్టి జవాబివ్వాలి అని మాట అనుకున్నాం. నా జవాబు వినపడేదాకా ఆయన ఆపకూడదు, నేను తీగలు వదలకూడదు.

పట్టుకోగానే వేళ్లలో చీమలు పాకాయి. ఆ పిల్ల మార్కులు నా చేతిలోంచే పోయాయని, లెక్కల మార్కులు కొంచెం గట్టిగా కుట్టాయని ఇప్పటికీ చెబుతుంటాను. అంతలో ఎవరో ఫోన్ చేశారు. ఫోన్ గంటను మోగించే కరెంటు చేతుల్ని ఒక్క గుంజు గుంజింది. తీగలు వదిలేశాను. కోడిగుడ్లు తెమ్మని ఆ ఫోన్ చేసింది నా భార్యేనని ఇంటికెళ్లాక తెలిసింది.

“కాకా, మళ్ల పోయింది!”

“మళ్ల నొక్కు, బిడ్డా!”

మళ్లీ పట్టుకున్నాను. కిందినుంచి చప్పుడు లేదు. దురద, చెమట, కాలు మొద్దుబారుతోంది. తెర కనిపించదు. గని ఐదు గంటల సైరన్ మొదలైంది. అయిపోయిందనుకున్నాను.

షట్టర్ మీద దెబ్బ పడింది. మడమతో కొట్టాను. మళ్లీ దెబ్బ. మళ్లీ కొట్టాను. సైరన్ హోరులో నా జవాబు ఆయనకు చేరడం లేదు. ఆయన ఆపడు, నేను వదలలేను.

“బాపూ, నంబరొచ్చిందే! ముట్టిందని రాసిన్రు. ఇగ ఆపు!”

“నీకొచ్చింది. నాకు రాలె.”

సైరన్ సన్నబడ్డాక ఉన్న బలమంతా పెట్టి తన్నాను. రేకు సొట్టబోయింది.

“ఆఁ,” అన్నాడు కిందినుంచి. “ఇగ దిగు, తమ్మీ.”