దుప్పటి కప్పని బొమ్మ

నేను కాగితంతో మనుషుల్ని చేస్తాను. దళసరి తెల్ల కాగితాన్ని పొరలు పొరలుగా కోసి, పొరకూ పొరకూ మధ్య చిన్న స్పాంజి ముక్కలు పెట్టి ఒకదానిమీద ఒకటి అంటిస్తే, మనిషి గోడలోంచి కాస్త ముందుకు వచ్చినట్టుంటాడు. రంగేమీ ఉండదు. కిటికీలోంచి వెలుగు పడితే పొరల అంచుల నీడలే ముక్కూ, చెక్కిళ్లూ, వేళ్లూ అవుతాయి. కాగితానికి కొదవలేదు. అబ్బా, అంటే మా నాన్న, విజయవాడ వన్‌టౌన్‌లో పెళ్లికార్డుల ప్రెస్సులో పనిచేస్తారు. అక్కడ మిగిలిన అట్టముక్కలన్నీ మా ఇంటికే చేరతాయి.

చిక్కల్లా దాదీతో, అంటే మా నాయనమ్మతో. నేను పనిచేసే ముందుగదిలోనే ఆవిడ ఐదుపూటలా నమాజు చదువుతుంది. మనిషి బొమ్మలున్న చోట నమాజు కూడదని ఆవిడ పట్టు. వేళ కాగానే పాత దుప్పటి తెచ్చి, మొహం అటు తిప్పుకుని, బల్లమీదున్న నా బొమ్మలమీద కప్పేస్తుంది. కప్పితే కప్పింది, మెల్లగా కప్పొచ్చు కదా! మంచంమీద పరిచినట్టు అరచేత్తో సాపు చేస్తుంది. నా మనుషులందరి ముక్కులూ చప్పిడైపోయాయి. నేను లబోదిబోమంటే, "ముక్కే కదే, మళ్లీ అంటించుకో" అంటుంది. మా ఇంట్లో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. పోట్లాటకు మాత్రం దాదీ అచ్చ తెలుగులోకి దిగుతుంది. పుట్టింది పామర్రులో మరి.

నాకు ఒళ్లు మండేది. అంతకంటే ఎక్కువగా బాధేసేది. ఊళ్లోవాళ్లు బాగున్నాయనే బొమ్మల్ని దాదీ ఒక్కసారైనా కళ్లారా చూడలేదు. ఆవిడ దుప్పటి కప్పని బొమ్మ ఒక్కటైనా చేయాలని పంతం పట్టాను.

నీ బొమ్మే చేస్తానని దాదీతో చెప్పాను.

"నా మొహం పెట్టావంటే చూడు" అంది.

"మొహం వద్దులే, వీపు చాలు."

వీపు వద్దనడానికి ఆవిడకి సాకేమీ దొరకలేదు. పీటమీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటుంటే వెనక చేరి గీసుకున్నాను. వంగిన వీపు, తలమీద కప్పుకున్న చీరకొంగు, జాకెట్టు కింద తేలిన ఎముకలు. ఆ వీపుని అంతసేపు చూడటం నాకదే మొదటిసారి. ఇంత చిన్న మనిషా ఇంటిని గడగడలాడించేది అనిపించింది.

వానాకాలం కావడంతో చెమ్మకి కాగితం అప్పడంలా వంకర్లు తిరిగేది. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోయేవి. ఎలాగో పూర్తిచేసి తూర్పుగోడకి తగిలించాను. దాదీ పడమటికి తిరిగి నమాజు చేస్తుంది కాబట్టి బొమ్మ ఆవిడ వెనక ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దాదీ కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమే, నా కొంగు కుడి భుజంమీదకెందుకొచ్చింది? ఎవరో మార్వాడీ ఆవిడ్ని చేసి నేనంటావేంటి?"

దగ్గరికెళ్లి చూశాను, నిజమే. పెన్సిలు గీతలు కనబడకుండా ఈ పనిలో కాగితానికి వెనకవైపు గీసి కోస్తాం. తిప్పితే ఎడమ కుడి అవుతుంది కనుక, బొమ్మని ముందే తిరగేసి గీసుకోవాలి. ఆత్రంలో అది మరిచిపోయాను. మొహమైతే ఎప్పుడో పట్టేసేదాన్ని. వీపు కావడంతో తెలియలేదు.

ఇంతలో సాయంత్రం నమాజు వేళైంది. ఇక వాదించే ఓపిక లేక నేనే దుప్పటి తీసుకుని లేచాను.

"అదెందుకే?" అంది దాదీ చాప పరుస్తూ.

"కప్పొద్దా?"

"దానికి మొహం లేదుగా. పైగా అది నేను కాదు. ఎవరో ఆవిడ బియ్యం ఏరుకుంటోంది, పాపం, ఏరుకోనీ."

"కొంగు ఎడమవైపుకి తెచ్చి మళ్లీ సరిగ్గా చేస్తాలే దాదీ."

"చెయ్యకు!" అంది గభాల్న. "సరిచేశావంటే నేనైపోతాను. అప్పుడు కప్పాలి."

అని పడమటికి తిరిగి నిలబడింది. వెనక గోడమీద ఆ కాగితపు వీపు, ముందు ఈ వీపు. దుప్పటి తీసుకెళ్లి, ముక్కులు నలగకుండా మెల్లగా, మిగతా బొమ్మలమీద నేనే కప్పాను.