ఒకే విజిలుకు రెండు ఒళ్ళు

మా ఆఫీసు కింది అంతస్తులో ఈమధ్య జిమ్ తెరిచారు. లిఫ్టు కోసం నిలబడినప్పుడల్లా ఆ అద్దాల తలుపు సందులోంచి కొత్త రబ్బరు వాసన, దానిలో కలిసిన చెమట వాసన వస్తాయి. మిగతావాళ్ళు మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం ఎండకు కాగిన లారీ టైరు, దానికి కట్టిన కొబ్బరితాడు, ఆ తాడును నడుముకు చుట్టుకుని ముందుకు వంగి, ఇసుకలో టైరును ఈడ్చుకుపోతున్న పదమూడేళ్ళ పిల్ల కనిపిస్తాయి. ఆ పిల్ల నేనే. ఆమెను తలుచుకుని జాలిపడాలో గర్వపడాలో ఇప్పటికీ తెలియదు. రెండూ రావు.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపే ఉద్యోగం రావడంతో నా మూడో ఏటే ఇక్కడికి వచ్చేశాం. పోర్టు క్వార్టర్స్‌లో అమ్మ ఉదయం ఆరేసిన తెల్లచీర గాలి ఇటు వీస్తే ఇనుప ఖనిజం ఎర్రధూళి, అటు వీస్తే బొగ్గుపొడి పట్టి సాయంత్రానికి ఏ రంగూ కాకుండా పోయేది. వేసవి సెలవుల్లో మెట్ల కింద తొక్కుడుబిళ్ళ ఆడి, కోతికొమ్మచ్చి కోసం బాదంచెట్టెక్కి, వర్షం వస్తే ఎవరు ముందు ఇల్లు చేరతారోనని ఉరికేవాళ్ళం. అప్పట్లో పరుగంటే నాకు ఆయాసం గుర్తుకు రాదు, వాన చినుకులు చెంపలకు గుచ్చుకోవడమే గుర్తు. వాలుదారిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నన్ను పట్టుకున్నవాళ్ళు లేరు. ఎనిమిదో తరగతిలో స్కూలు పందెంలో మగపిల్లల కన్నా ముందు నేను గీత దాటడం చూసిన నాన్న, మర్నాడే నన్ను లూనా వెనక కూర్చోబెట్టుకుని జాలరిపేట ఒడ్డుకు తీసుకెళ్ళి, సింహాద్రి మాస్టారికి అప్పజెప్పాడు.

సింహాద్రి మాస్టారు పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. సన్నగా, నల్లగా, తాడు పేనినట్టు ఉండేవారు. తెల్ల బనీను, ఖాకీ నిక్కరు, మెడలో నల్లదారానికి విజిలు. పిల్లల దగ్గర ఏమీ తీసుకునేవారు కాదు. తెల్లారి అయిదున్నరకు ఇసుకలో గీత గీసి విజిలేస్తే, ఇరవై మందిమి ఒకే పని చేయాలి. ఇసుకలో పరుగు, బాతునడక, కప్పగంతులు, టైరు లాగుడు, ఆదివారం కైలాసగిరి మెట్లు. మధ్యలో మంచినీళ్ళు అడిగితే కడుపు బరువెక్కుతుందని ఇచ్చేవారు కాదు. ఎవరైనా కాలు పట్టుకుని కూర్చుంటే దగ్గరకొచ్చి వంగి చూసి, "నొప్పేటి? నొప్పి మన మాట ఇనాల గాని, దాని మాట మనం ఇంటామేటి?" అనేవారు. ఆ మాట మాకు ఎంతో గొప్పగా అనిపించేది. నేను నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను.

రత్నం నాకు అక్కడే పరిచయం. అసలు పేరు నూకరత్నం, నా ఈడుదే, ఆ పేటలోనే ఇల్లు. వాళ్ళ నాన్న వేటకు వెళ్ళేవాడు. అమ్మ పోలమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మేది. రత్నం నడవడం నేర్చిన నాటి నుంచి ఇసుకలోనే నడిచింది, వల ఒడ్డుకొచ్చే వేళకు పెదనాన్నల వెనక తాడు చివర పట్టుకుని లాగింది. అందుకే కాబోలు పరిగెత్తేటప్పుడు దాని నడుం పైభాగం కదిలేదే కాదు, నీళ్ళకుండ మోస్తున్నట్టు నిశ్చలంగా ఉండేది. మా తంటాలు చూసి పోలమ్మత్త తట్ట దించకుండానే నవ్వేది. "నాను రోజూ తట్టెత్తుకుని ఊరంతా తిరుగుతన్నాను. నాకెవులు విజిలేసినారు?"

మొదటి వారం నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. తొడలు బిగుసుకుపోయి మెట్లు వెనక్కి తిరిగి దిగేదాన్ని, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు, నవ్వితే పొట్ట పట్టేసేది. పదిహేనో రోజుకు అదంతా పోయింది. నెలకు పిక్కల మీద కొత్త కండ తేలింది, స్కూలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కినా ఆయాసం వచ్చేది కాదు. ఒళ్ళు ఇంత తొందరగా మాట వింటుందని తెలియడం ఒక మత్తు. కానీ మా ఇద్దరి ఒళ్ళూ ఒకే మాట వినడం లేదని మెల్లగా తెలిసింది. వంద, రెండొందల మీటర్లు ఎన్నిసార్లు వేయించినా నేను ముందుండేదాన్ని, ప్రతి గంతుకూ నా కాలు ఇంకా చురుకయ్యేది. దూరం పెరిగేకొద్దీ రత్నం తేలికపడేది, నేను అరిగిపోయేదాన్ని. పెద్దపరుగు అయ్యాక అది రెండు నిమిషాల్లో మామూలుగా మాట్లాడేది, నాకు ఇంటికెళ్ళి స్నానం చేసినా గుండె చెవుల్లో కొట్టుకుంటూనే ఉండేది. మాస్టారికి మాత్రం మేమిద్దరం ఒక జత. ఇద్దరినీ ఎనిమిది వందల మీటర్లకే పెట్టారు. పక్కపక్కన పరిగెడితే ఒకరినొకరు లాక్కుపోతారన్నారు.

కొత్తమాసకు, అంటే ఉగాది ముందు వచ్చే అమావాస్యకు, రత్నం వాళ్ళింట్లో నూకాలమ్మ పండగ. పెద్ద ఇత్తడి పళ్ళెంలో బూరెలు, పచ్చిరొయ్యల ఇగురు, వేపుడు వంజరం ముక్కలు, చింతపండు పులుపుతో ఎర్రగా మరిగిన చేపల పులుసు, ఆ వీధి పొడవునా నూనె వాసన, డప్పుల మోత, పసుపు నీళ్ళు. పోలమ్మత్త నా ఆకులో నాలుగు బూరెలు వేసింది. నేను ఒకటి చిదిపి, లోపలి పూర్ణం గోటితో తీసి రుచి చూసి, మిగతావి రత్నం ఆకులోకి జరిపాను. రెండు కిలోలు తగ్గితే నాలుగు సెకన్లు తగ్గుతాయని మాస్టారు నాన్నతో అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో నాకు రాత్రి పూట ఒక్క పుల్కా, పెరుగు లేదు, అన్నం లేదు. రత్నానికీ అదే చెప్పారు గానీ, అది పొద్దున్న చద్దన్నంలో ఎండుచేప నంజుకుని, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం తిని, మాస్టారి ముందు బుద్ధిగా తలూపేది. "పిల్ల చీపురుపుల్లలా అయిపోతోంది, మీకేమన్నా కనపడుతోందా?" అని అమ్మ అడిగితే, "ఆటలాడే పిల్లలు అట్లాగే ఉంటారు" అనేవాడు నాన్న, పేపరులోంచి తలెత్తకుండా.

ఆ ఏడే నాకు నెలసరి ఆగిపోయింది. అంతకు ముందు నాలుగుసార్లే వచ్చింది. పీడ పోయిందని సంతోషించాను. అమ్మ ఒకటి రెండుసార్లు అడిగి, పరుగు వేడికి అలా జరుగుతుందేమోలే అనుకుంది. వానాకాలం అయ్యేసరికి ఎడమ మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే నొప్పి. మొదట్లో పరుగు మొదలైన కాసేపటికి పోయేది, తర్వాత పోయేది కాదు, ఆ తర్వాత పడుకున్నా ఉండేది. నేను బామ్ రాసుకుని గుడ్డ బిగించి కట్టి, ఎవరికీ చెప్పలేదు. పరిగెత్తేటప్పుడు ఆ కాలు నాది కాదనుకోవడం నేర్చుకున్నాను. ఎవరిదో కాలు, నేను అరువు తెచ్చుకున్నాను, అంతే. చెబితే నమ్మరు గానీ కొన్నాళ్ళకు అది పని చేసింది. నొప్పి దూరంగా, పక్కింట్లో ఎవరో దగ్గుతున్నట్టు వినిపించేది. అయితే ఆ పని కాలితో ఆగలేదు. నాన్న మెచ్చుకున్నా, అమ్మ తిట్టినా, పరీక్షలో మార్కులు తగ్గినా అన్నీ పక్కింట్లోనే జరిగేవి.

జిల్లా జట్టు ఎంపిక పందెం ఒక ఆదివారం ఉదయం జరిగింది. నెగ్గిన ఒక్కరికి స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు అన్నారు. బూడిద పరిచిన ట్రాకు, రెండు చుట్లు. మొదటి చుట్టు నేనే ముందు. రెండో చుట్టులో, అవతలి వైపు తిరిగేచోట, ఎండుకొమ్మ విరిచినట్టు చిన్న చప్పుడు వినిపించింది. నాలోంచి వచ్చిందని వెంటనే తెలియలేదు. ఆగలేదు. పక్కన రత్నం నా వైపు చూసింది. "ఏటే?" అంది. నేను ముందుకు చూశాను. అది దాటి వెళ్ళింది, దాని వెనక ఇంకా ముగ్గురు వెళ్ళారు. అయిదోదానిగా గీత దాటాక ఎడమ కాలు కింద పెట్టబోతే, అక్కడ కాలు లేనట్టు పడిపోయాను. ఏడవలేదు. నాన్న పరిగెత్తుకొచ్చాడు. ఆయన మొహం చూసి ఏదో జరిగిందని అర్థమైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చాలాసేపు చూసి, కాలు గురించి కాకుండా, "అమ్మాయికి నెలసరి వచ్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. అమ్మ నాన్న వైపు చూసి, తల దించుకుని, "తొమ్మిది నెలలండి" అంది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "పరిగెత్తినప్పుడు ఎముకకు లోపల కంటికి కనపడని దెబ్బలు తగులుతాయి. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు ఒళ్ళు వాటిని పూడ్చుకుంటుంది, మునుపటి కన్నా గట్టిగా పూడ్చుకుంటుంది. బలం వచ్చేది అప్పుడే. మీరు దెబ్బలు రోజూ వేశారు. పూడ్చుకోవడానికి తిండీ ఇవ్వలేదు, తెరిపీ ఇవ్వలేదు." నాన్న చేతిలో నా బూట్లు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన మా ఇంట్లో పరుగన్న మాట ఎత్తలేదు. డ్యూటీ నుంచి రాగానే నా మంచం చివర కూర్చుని, విరగని కాలు పట్టేవాడు.

సిమెంటు కట్టుతో పడుకున్న రోజుల్లో మాస్టారు ఒక్కసారి వచ్చారు. నాలుగు బత్తాయిలు సంచిలో పెట్టుకుని, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అమ్మ కూర్చోమనలేదు. "నాకు నేర్పిందే నాను నేర్పినానమ్మా. నాకింకోటి తెల్దు" అన్నారు. సంచి గడప మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన నడకలో ఒక కాలు కాస్త ఈడ్చుకుంటుందని అంతకు ముందు నేనెప్పుడూ గమనించలేదు.

రత్నం హాస్టల్‌కు వెళ్ళే ముందు రోజు వచ్చింది. కొత్త పరికిణీ, తలనిండా కనకాంబరాలు. నా పక్కన కూర్చుని కట్టు మీద వేలితో తన పేరు రాసింది. వేలితో కాబట్టి ఏమీ పడలేదు. నేను ఫ్యాను చూస్తూ ఉన్నాను. "ఏటే, మాటాడవేటే? నా మీద కోపమేటి?" అంది. కోపమైతే బాగుండేది. అసూయ అయినా బాగుండేది. వెతికాను, ఏమీ దొరకలేదు. రత్నం లేచి వెళ్ళిపోయింది. హాస్టల్ నుంచి ఉత్తరాలు రాసేది. "ఇక్కడ వారానికో రోజు పడుకోమంటన్నారే. పొద్దున్న లేత్తానే నాడి సూసుకుని, ఎక్కువుంటే ఆ రోజు పరుగొద్దంటన్నారు. పడుకుంటేనే ఏగం వత్తాదంట, ఇడ్డూరం కాదేటి?" అని ఒకదానిలో ఉంది. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు.

కట్టు విప్పినప్పుడు బయటపడిన కాలు సన్నగా, పాలిపోయి, నూగువెంట్రుకలతో వేరే ఎవరిదో కాలులా ఉంది. అన్నాళ్ళ కండ మూడు నెలల్లో పోయింది. నడవమంటే భయం కూడా కలగలేదు, అవసరం లేదనిపించింది. అప్పుడు పోలమ్మత్త రోజు విడిచి రోజు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నెత్తళ్ళనే చిన్నచేపలు తెచ్చి అమ్మ చేత వేయించి, ముల్లుతో సహా నమలమని ఎదురుగా కూర్చునేది. తర్వాత నాన్నను ఒప్పించి నన్ను ఒడ్డుకు రప్పించుకుంది. చీర ఎగ్గట్టుకుని, నా జబ్బ పట్టుకుని, అల వెనక్కి వెళ్ళగానే నడుము లోతు నీళ్ళలోకి దించేది. "నిన్ను నీల్లు మోత్తాయి. నువ్వు అడుగెయ్యి, సాలు" అనేది. అలిసిపోతే చాలనేది, మర్నాడు నొప్పంటే మానెయ్యమనేది. వారాలు గడిచాక ఇసుక మీదికి, ఇంకొన్నాళ్ళకు వల లాగే తాడు చివరి దాకా తెచ్చింది. నొప్పి మళ్ళీ పక్కింట్లోంచి మా ఇంట్లోకి వచ్చింది. ఒక రోజు అరికాల్లో గవ్వ గుచ్చుకుని గట్టిగా ఏడిస్తే, ఆమె నవ్వి, "ఏడు, ఏడు, మంచిదే" అంది. ఆ ఆషాఢంలో నెలసరి తిరిగి వచ్చింది. అమ్మ పరమాన్నం వండింది, ఎందుకో నాన్నకు చెప్పలేదు.

నేను మళ్ళీ పందెం పరిగెత్తలేదు. చదువుకుని, ఇక్కడే ఒక ఆఫీసులో చేరాను. రత్నం రాష్ట్రం తరఫున రెండేళ్ళు పరిగెత్తి, ఆ కోటాలో పోలీసు ఉద్యోగం తెచ్చుకుని శ్రీకాకుళంలో స్థిరపడింది. ఇన్నేళ్ళలో మేము కలుసుకోలేదు. కిందటేడు పోలమ్మత్త పోయిందని తెలిసి వెళ్ళాను.

పదో రోజున, చుట్టాలందరూ భోజనాల దగ్గర ఉండగా, రత్నం నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళింది. మేము టైర్లు లాగిన వాలు లేదు. దాన్ని సముద్రం కొరికేసింది, మిగిలినచోట బండరాళ్ళు పోశారు. పెద్దవల లాగేవాళ్ళు లేరు. మాస్టారు లేరు, ఆయన విజిలు వినగానే లేచి నిలబడే ఇరవై మంది పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. రాళ్ళ పక్కన ఒక అమ్మాయి చేతి గడియారంలో గుండె లెక్క చూసుకుని, పరుగు ఆపి, నడక అందుకుంది.

"అమ్మ నిన్ను నడిపించింది ఏ కాడే? నాను సూడనేదు కదా" అంది రత్నం.

నేను నీళ్ళలోకి చూపించాను. అది చెప్పులు విడిచి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి, రాళ్ళ మధ్య నుంచి దిగింది. నేనూ దిగాను.

"నీ ఉత్తరాలన్నీ అందాయే" అన్నాను.

"తెల్సు. అమ్మ సెప్పేది, నువ్వు సదివీసి దిండు కింద ఎట్టుకుంటావని."

ఒక అల వచ్చి ఇద్దరినీ తొడల దాకా తడిపింది.

"సల్లగుందేటే?" అంది.

"ఉందే" అన్నాను.