అత్త మోయించిన నాపరాళ్ళు

పోయిన నెల వెల్దుర్తిలో ఒక పెళ్ళికి వెళ్ళి నరసరావుపేటకు తిరిగి వస్తుండగా, మా తమ్ముడి కొడుకు నడుపుతున్న కారు వెనక చక్రంలో గాలి పోయి, బండి రోడ్డు పక్కన చతికిలబడింది. వాడు నిమ్మళంగా దిగి డిక్కీలోంచి జాకీ తీసుకుని, "ఎండ చానా ఉంది, నువ్వు దిగమాకు అత్తా, లోపలే కూర్చో, చిటికెలో మార్చేస్తా" అన్నాడు. ప్రేమతో అన్న మాటే, కాదనను. అయినా నేను చెప్పులు కూడా వెతుక్కోకుండా ఆ ఎండలో దిగి వాడితో తగువు పెట్టుకున్నాను. మనిషి కూర్చుని ఉండగా బండిని పైకెత్తమని నీకు చదువు చెప్పిందెవరురా అని అడిగితే, "నువ్వే కదత్తా" అన్నాడు వాడు. నిజమే, వాడు నా దగ్గరే చదువుకున్నాడు. కాలేజీలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను గాని, ఈ ఒక్క పాఠం చెప్పడం మరిచిపోయానన్నమాట. ఆ పాఠం నాకు పుస్తకంలో దొరికింది కాదు, మా మేనత్త నోటి దురుసులో దొరికింది. అందుకే ఇన్నాళ్ళకు దానిని కాగితం మీద పెడుతున్నాను.

యుద్ధం రోజుల మాట ఇది. మా తరం వాళ్ళకు బొగ్గు బస్సులు గుర్తుండే ఉంటాయి. పెట్రోలు దొరక్క, బస్సు వెనక ఒక ఇనప పొయ్యి తగిలించి, అందులో బొగ్గులు రాజేసి, దాని నుంచి వచ్చే గ్యాసుతో బండి నడిపే కాలం. కండక్టరు టిక్కెట్లు కొట్టడం కంటే వెనక నిలబడి పొయ్యికి గాలి కొట్టడమే ఎక్కువగా ఉండేది. బస్సు దిగిన వాడికీ కమ్మరి కొలిమిలోంచి లేచి వచ్చిన వాడికీ మొహంలో తేడా కనిపించేది కాదు. ఎత్తు వచ్చిందంటే మగవాళ్ళంతా దిగి తోయాలి. ఇక టైర్ల సంగతి చెప్పనే అక్కరలేదు, కొత్తవి కంటికి కనిపించేవి కావు. చిరిగిన టైరు లోపల పాత టైరు ముక్క అతికించి, ఆ దేవుడి మీద భారం వేసి నడిపేవాళ్ళు. ఈ కాలపు పిల్లలకు ఇదంతా చెబితే కట్టుకథ అంటారు. అనుకోనివ్వండి, ఆ బొగ్గు మసి నా ముక్కులో ఇంకా ఉంది.

మాది గురజాల పక్కన ఒక పల్లె. మా నాయన నాపరాళ్ళ గనిలో మేస్త్రి. మా మేనత్త మొగుడు కూడా ఆ గనిలోనే పని చేసేవాడు. ఒకరోజు పలుగులతో పైకెత్తిన బండ జారి, దాని కింద పడి పోయాడు. ఎత్తుతున్న రాయి కింద ఎప్పటికప్పుడు ఊతంగా చిన్న రాళ్ళు దోపుకుంటూ పోవాలన్నది గనిలో అందరికీ తెలిసిన పద్ధతే. ఆ పూట తొందరలో ఎవరూ దోపలేదు, అంతే. అప్పటినుంచి అత్త మా ఇంట్లోనే ఉండేది. అమ్మకు చంటిపిల్లలతో తీరిక లేకపోవడం వల్ల నన్ను పెంచింది అత్తే. ఊళ్ళో ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. నాకు ఆ నోరే వచ్చిందని మా వాళ్ళు నిందగా అంటారు గాని, నేను మాత్రం ఆస్తి పంపకంలో అందరికంటే మంచి వాటా నాకే వచ్చిందనుకుంటాను.

నేను ఊళ్ళో మిషన్ బడిలో ఐదో తరగతి అయిపోగొట్టాను. నరసరావుపేటలో ఆడపిల్లల పెద్దబడి ఒకటి, దానికి హాస్టలు ఉండేది. జూన్ నెలలో ఒకరోజు పరీక్ష పెట్టి, నెగ్గిన కొద్దిమందికి మాత్రం ఉచితంగా తిండీ బసా ఇచ్చి చదివించేవాళ్ళు. మా నాయన మాట ఒకటే: ఆ సీటు వస్తే చదువు, రాకపోతే ఇంటి దగ్గర తమ్ముళ్ళను చూసుకోవడం. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన రెక్కలు మోయగలిగింది అంతే. కనుక ఆ పరీక్ష రాయకపోతే నా చదువు ఐదో తరగతితో సరి. ఈ సంగతి నాకు తెలుసు, అత్తకు తెలుసు. బస్సెక్కాక అత్త పుణ్యమా అని బస్సులో అందరికీ తెలిసింది.

రైల్లో వెళ్ళకపోయారా అని అడిగేవాళ్ళు మీలో ఉంటారు. నడికుడి వెళ్ళి, రైలెక్కి, గుంటూరు చేరి, అక్కడ ఇంకో రైలు పట్టుకుని వెనక్కి నరసరావుపేట రావడం ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే. అందుకని పొద్దున్నే బొగ్గు బస్సే ఎక్కాం.

కిటికీ పక్క సీటులో మాచర్ల నుంచి వస్తున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నరసరావుపేట కోర్టులో భూమి తగాదా వాయిదాకు పోతున్నాడట. మధ్యలో బస్సు ఎక్కడ ఆగినా కాలు కింద పెట్టలేదు. ఒక్కసారి మాత్రం తప్పనిసరై లేచి, సీటు మీద తువ్వాలు పరిచి, పక్కవాళ్ళకు పదిసార్లు అప్పగింతలు పెట్టి దిగి, దిగినంత వేగంగా ఎక్కాడు. సీటు మీద తువ్వాలు వేస్తే అది పట్టా భూమి కింద లెక్క అన్న చట్టం మన దగ్గర ఎవరు రాశారో నాకు తెలియదు గాని, ఈ రోజుకీ దానికి తిరుగు లేదు. ఆ పట్టాను ఆక్రమించే వాళ్ళూ అప్పటినుంచే ఉన్నారు.

పిడుగురాళ్ళ దాటి కొంతదూరం వచ్చాక, ముందు చక్రం పెద్ద చప్పుడుతో పేలి, బస్సు ఒక పక్కకు ఒరిగి, ఒక వాగు పల్లానికి కాస్త ఇవతలగా ఆగింది. ముందు రోజే తొలకరి పడి, రోడ్డు అంచున నల్లరేగడి వెన్నలా ఉంది. డ్రైవరు దిగి చూసి తల కొట్టుకున్నాడు. ఆయన మంచి పనివాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసుకున్నాడు, అదనపు టైరు దింపించాడు, జాకీ తెచ్చాడు. కాని లోపలి నుంచి మా జనం ఆయనను ఊపిరి తీసుకోనిస్తేనా! త్వరగా కానియ్యవయ్యా, వాయిదా పోతుందని ఒకరు, సంత అయిపోతుందని ఒకరు. ఒక్కరూ సీటు వదిలి లేవరు. దిగండని డ్రైవరు ఒకసారి అడిగాడు, ఎవరూ కదలకపోయేసరికి విసిగి, జనం ఉండగానే ఆ మెత్తని మట్టిలో జాకీ పెట్టబోయాడు.

అప్పుడు మా అత్త లేచింది.

"ఒరేయ్ నాయనా, ఆగు! ఇంతమందిని నెత్తిన పెట్టుకుని ఎత్తుతావా బండిని? ఆ బురదలో అది నిలుస్తదా?"

"ఏందమ్మా నీ గోల! నేను ఎన్ని చక్రాలు మార్చి ఉంటాను, ఇప్పుడు నువ్వు నేర్పుతావా?"

"మార్చి ఉంటావులే. మా ఆయన కూడా ఎన్నో బండలెత్తాడు. ఆఖరిది ఆయన్నెత్తుకుపోయింది."

డ్రైవరు జాకీ పక్కన పెట్టాడు. అత్త బస్సులోకి తిరిగి, "ఏమయ్యా, ఏమ్మా, మీ సీట్లకు వేళ్ళు దిగినయ్యా? ఆ మనిషి బండి కింద చేతులు పెడతాడు, మీరు పైన కూర్చుని ఊగుతా ఉంటారా? దిగండి! దిగిన ప్రతివాళ్ళూ తలా ఒక రాయి మోసుకురండి" అని కేకలేసింది. ఆ చేల గట్ల మీద విరిగిన నాపరాళ్ళకు కరువు లేదు. గొణుక్కుంటూనే ఒక్కొక్కరు దిగారు. పెద్దాయన అందరికంటే ఆఖరున, తువ్వాలు రెండు మడతలు పెట్టి సీటు మీద పరిచి, దాని మీద గొడుగు పెట్టి మరీ దిగాడు.

నాకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. పొద్దు ఎక్కిపోతోంది, అక్కడ పరీక్ష మొదలవుతుంది, ఇక్కడ మా అత్త రాళ్ళు ఏరిస్తోంది. వెళ్ళి ఆమె కొంగు పట్టుకుని గుంజాను. "అత్తా, పరీక్ష!" అన్నాను. నా బుగ్గల మీద మసి కన్నీళ్ళతో చారలు కట్టడం చూసి కూడా ఆమె కరగలేదు. "పరీక్ష పోతే పోయింది, నీ కోసం ఒకడి చేతులు విరగ్గొట్టనా? ఏడిస్తే ఏడ్చావు గాని, ఆ రాయి ఇటు ఇయ్యి" అంది. ఆ క్షణాన ఆమెను నేను ఎంత ద్వేషించానో రాయాలంటే నా దగ్గరున్న తెలుగు చాలదు. నన్ను ఆ పరీక్షకు పంపించడానికి మా నాయనతో నెలరోజులు పోట్లాడింది ఆమే అని అప్పుడు గుర్తుకే రాలేదు.

వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టించింది. జాకీ కింద వెడల్పాటి పలక వేయించింది. డ్రైవరు బండిని ఎత్తుతున్న కొద్దీ, ఇరుసు పక్కన పలక మీద పలక పేర్పించింది, గనిలో రాయి కింద రాయి దోపినట్లే. డ్రైవరు పళ్ళు కొరుకుతూనే, ఆమె చెప్పినట్లు చేశాడు. పాత చక్రం ఊడింది. డ్రైవరు నేలకు వంగి, కొత్త చక్రాన్ని లోపలికి సర్దుతూ, భుజం దాకా చెయ్యి దూర్చాడు.

సరిగ్గా అప్పుడు మా పెద్దాయన దూరం నుంచి కిటికీలోకి తొంగి చూశాడు. గాలికో, ఒరిగిన బండి వల్లో, ఆయన గొడుగు జారి తువ్వాలుతో సహా కింద పడింది. గొడుగు కనిపించకపోయేసరికి, ఎవరో తన సీటు లాగేశారనుకున్నాడు. "ఎవుడ్రా అది, నా సీట్లో!" అని అరుస్తూ పరుగున వచ్చి ఫుట్‌బోర్డు మీదికి ఒక్క దూకు దూకాడు.

బస్సు ఊగింది. జాకీ పక్కకు ఒరిగి ఎగిరిపడింది. ఆ బండి మొత్తం దబ్బున కిందికి దిగి, అత్త పేర్పించిన పలకల మీద కూర్చుంది. పై పలక రెండు ముక్కలైంది, కింది పలకలు నిలబడ్డాయి. బెత్తెడు దిగి ఆగిపోయింది. ఆ పలకలే లేకపోతే అది ఎక్కడ ఆగేదో అక్కడున్న అందరి కళ్ళకూ కనిపించింది.

డ్రైవరు చెయ్యి బయటికి తీసుకుని, దానిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, వేరే ఎవరిదో చెయ్యి అయినట్లు. తరవాత ఆ బురదలోనే కూలబడ్డాడు. పెద్దాయన ఫుట్‌బోర్డు మీద అలాగే బిగుసుకుపోయాడు. నేను అత్త నోటి వైపు చూశాను, ఇప్పుడు పడతాయి శాపనార్థాలని. ఆమె మాత్రం మా చెంబులో మంచినీళ్ళు తెచ్చి డ్రైవరుకు పట్టించి, ఆయన తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. మా మామ పోయిన నాడు ఆమె ఏడవలేదని ఊళ్ళో వింతగా చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు వాగు పక్కన మొహం అటు తిప్పుకుని ఏడ్చింది. ఎందుకో నాకు ఆ వయసులో అర్థం కాలేదు, మీకు చెప్పనక్కరలేదు.

మళ్ళీ మొదటినుంచి బండిని జాకీతో ఎత్తి, చక్రం బిగించి, కిందికి దించి, నట్లు ఇంకోసారి బిగించాడు డ్రైవరు. ఈసారి తొందర చేసిన వాళ్ళు లేరు. అయిపోయిందని అందరూ ఎక్కబోతుంటే అత్త తలుపుకు అడ్డం నిలబడి, "రాళ్ళు తియ్యరా? రాత్రి పూట ఏ ఎడ్లబండో వచ్చి వాటి మీద తిరగబడాల్నా?" అంది. రోడ్డు మీది ప్రతి పలకా తీసి గట్టున పెట్టేదాకా ఒక్కరినీ ఎక్కనివ్వలేదు. అన్నిటికంటే పెద్ద పలకను పెద్దాయన ఎవరూ అడగకుండానే, ఒక్కడే మోశాడు. బస్సెక్కాక తువ్వాలు తీసి భుజాన వేసుకుని, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కిటికీ పక్క కూర్చోబెట్టి, నరసరావుపేట దాకా తను నిలబడి వచ్చాడు.

ఊరు చేరాక దారిలో కోర్టు ముందు వస్తుంది, బడి తరవాత. పెద్దాయన వాయిదా పిలుపుకు వేళ మించిపోతోంది. అయినా డ్రైవరుతో, "ముందు పిల్లను దించు, నా తగాదా తాతలనాటిది, ఇంకో వాయిదా బతుకుద్ది" అన్నాడు. డ్రైవరు ఆ మసి బస్సును ఏకంగా బడి గేటు ముందుకు తెచ్చి ఆపాడు. పరీక్ష మొదలైపోయింది. పెద్ద టీచరమ్మ వరండాలోకి వచ్చేసరికి డ్రైవరు, అత్త, పెద్దాయన ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆవిడకు ఏం అర్థమైందో గాని, మా అందరి చేతుల మట్టి చూసి, నన్ను లోపలికి రమ్మంది. చేతులు కడుక్కోమని కూడా అనలేదు. నా లెక్కల కాగితం మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి. సీటు వచ్చింది.

ఆ సీటు వల్ల హాస్టలు, హాస్టలు వల్ల కాలేజీ, కాలేజీ వల్ల ఈ నాలుగు మాటలు రాసే తెలివి. ఇంత చదువుకూ మూలం ఎవరని అడిగితే చాలామంది గురువుల పేర్లు చెబుతారు. నేను ఒక మేనత్తనూ, ఒక డ్రైవరునూ, సీటు వదలని ఒక పెద్దాయననూ తలుచుకుంటాను. ముగ్గురూ ఇప్పుడు లేరు. బతికుండగా ఒక్కరికైనా మీ వల్లే నేను అని నోరారా చెప్పానా అంటే, లేదు. మా ఇంట్లో ప్రేమంతా తిట్లలోనే జరిగిపోయేది.

ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, టైర్లు కావలసినన్ని దొరుకుతున్నాయి, మా వాడు నిజంగానే చిటికెలో చక్రం మార్చాడు, నేను దిగి, రాళ్ళు పెట్టించిన తరవాత. మేము ఆగి ఉన్నంతసేపూ ఎన్ని బండ్లు హారను మోగిస్తూ పోయాయో, ఏమైందని ఆగిన వాళ్ళు లేరు. నాకు దానికి కూడా కోపం రాలేదు, ఎవరి తొందర వాళ్ళది. కాని మేము మా రాళ్ళు తీసి గట్టున పెట్టి, బయలుదేరి కొంతదూరం వచ్చాక, నడిరోడ్డు మీద నాలుగు పెద్ద రాళ్ళు కనిపించాయి. ఏదో లారీ వాళ్ళు చక్రం మార్చుకుని, అడ్డం పెట్టిన రాళ్ళు అలాగే వదిలేసి పోయారు. కారు ఆపించాను. "ఏందత్తా, ఊళ్ళో రోడ్లన్నీ మనమే శుభ్రం చేయాల్నా?" అని సణుగుతూనే మా వాడు రెండు రాళ్ళు మోశాడు, రెండు నేను మోశాను. వాడి చదువుకు అది కూడా అవసరమే. ఆ లారీ వాళ్ళను తిడదామని నోరు తెరిచి కూడా ఊరుకున్నాను. పాపం, తలుపుకు అడ్డం నిలబడే అత్త వాళ్ళకు లేదు కాబోలు.