నా కసరత్తూ, రొయ్యల పస్తూ

ఒక ఇల్లాలు ఆరోగ్యం కోసం బరువులెత్తితే, ఎక్కడో చెరువులో రొయ్యలు పస్తుండాల్సి వస్తుందని ఎవరైనా అనుకుంటారా? నా చేతుల మీదుగా అదీ జరిగింది.

మాది కైకలూరు. మా వారిది రొయ్యల మేత కొట్టు. అక్కడ పట్టని బస్తాలు మా వెనకగదిలో ఉంటాయి. ఆ గదిలోనే ఫోను ముందు నిలబడి, వీడియోలో అమ్మాయి చెప్పినట్టల్లా రెండు నెలలు గెంతాను, నీళ్ళ సీసాలు ఎత్తి దించాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గిందంటే ఆ తల్లి చలవే, కాదనను. కానీ ఒకరోజు నేను చతికిలబడి పకోడీలు తింటుంటే కూడా "శభాష్, చాలా బాగా చేస్తున్నారు" అంది. ఈవిడ నన్ను చూడట్లేదని అప్పుడు తెలిసింది.

నేను బడి గడప తొక్కకుండా నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. ఇంట్లో కూర్చుని ఛందస్సే నేర్చుకున్నాను, బరువులదేముంది అనుకుని ఫోను కట్టేశాను. ఎదురుగా ఇరవై అయిదు కిలోల మేత బస్తాలు, స్వామి నాకోసమే పేర్చి పెట్టినట్టు.

మొదటి రోజు బస్తా కదల్లేదు, నా నడుమే కదిలింది. పదిరోజులకి మోకాలి దాకా వచ్చింది. నెల తిరిగేసరికి బొడ్డు దాకా లేచింది. ఆ సంతోషం ఏం చెప్పను, ఏనుగుని ఎత్తినట్టే ఉంది. అంకెలెందుకని "గోవిందా" అంటూ లెక్కపెట్టుకునేదాన్ని. గోవిందా అని ఎత్తడం, దబ్బున వదిలేయడం. రోజూ ఒకే బస్తాను హింసించడం పాపమనిపించి, రోజుకొకటి మార్చేదాన్ని. మా వారికి చెప్పలేదు. ఏదో ఒకరోజు ఆయన కళ్ళముందే గ్యాస్ బండ ఎత్తి ఆశ్చర్యపరుద్దామని నా ఆశ.

ఒకరోజు పొద్దున్నే ఒక చెరువు రైతు బస్తా తెచ్చి మా అరుగు మీద కుమ్మరించారు.

"ఏవండీ, మేత పంపమంటే పిండి పంపారేంటండీ? రొయ్యలకి జావ కాచి పొయ్యమంటారా?"

వెనకగదిలో బస్తాలు విప్పి చూస్తే చాలావరకు అదే వరస. గింజ గింజగా ఉంటేనే రొయ్య తింటుంది. పొడైతే నీళ్ళు పాడవడమే. మా వారి కోపమంతా సూరిబాబు మీదికి మళ్ళింది. మా మామగారి కాలం నుంచి మా బస్తాలు మోసే మనిషి ఆయన.

"లారీలోంచి విసిరేస్తున్నావన్నమాట. రేపట్నుంచి రాకు."

"నేనెందుకు ఇసురుతానండీ బాబూ? పసిబిడ్డని దింపినట్టు దింపుతాను," అన్నాడు సూరిబాబు, తలగుడ్డ విప్పి చేత్తో నలుపుకుంటూ.

పుణ్యంలా మొదలుపెట్టిన పని ఒకరి కూటికి అడ్డమొచ్చింది.

"ఏవండీ, ఆ బస్తాలు పడేసింది నేనండీ. రోజూ ఎత్తుతున్నాను."

"నువ్వా? మొన్న పచ్చడి జాడీ దింపడానికి నన్ను పిలిచావు."

"అమ్మగారు జాలిపడి అబద్ధం ఆడుతున్నారండి," అన్నాడు సూరిబాబు.

ఇక చెప్పి లాభం లేదు. కొంగు బిగించి, స్వామిని తలుచుకుని, మిగిలిన మంచి బస్తా ముందు వంగాను. గోవిందా. లేచింది. మా వారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రైతుగారు నోరు తెరిచారు. ఆ చూపులకి నాకు ఊపొచ్చేసింది. గోవిందా, దబ్. గోవిందా, దబ్.

"చాలు, ఆపు. నమ్మాను," అన్నారు మా వారు. "అదీ పిండైపోయింది."

సూరిబాబు దగ్గరికొచ్చి బస్తా తట్టి చూశాడు.

"ఎత్తడం బానే వచ్చిందండి అమ్మగారూ. దింపడమే ఎవరూ నేర్పినట్టు లేదు."

నేర్పింది. ఆ వీడియో అమ్మాయి "నెమ్మదిగా దించండి" అని రోజూ మొత్తుకుంది. నేను శభాష్ ఒక్కటే విన్నాను.

మా వారు సూరిబాబుకి క్షమాపణ చెప్పి, పిండి బస్తాలన్నీ నావైపు జరిపారు. "ఇవిక నీవే. ఎంత మెత్తగా కావాలంటే అంత మెత్తగా చేసుకో."

ఆ సాయంత్రం దీపం ముందు చెంపలు వేసుకుని ఒట్టు పెట్టాను: "స్వామీ, ఇకనుంచి ఎత్తేటప్పుడు ఒక గోవిందా, దించేటప్పుడు రెండు."