మ్యాచింగ్ సెంటర్‌లో తిరుగుబాటు

ఆ రోజుల్లో తిరుగుబాటు చాలా చవకగా దొరికేది. సీడీల షాపు నుంచి పాత నలుపు తెలుపు సినిమా ఒకటి అద్దెకు తెచ్చుకుంటే చాలు, కథానాయకుడు జమీందారు ముందు రొమ్ము విరుచుకుని నాలుగు మాటలనేవాడు, ఊరు ఊరంతా అతని వెనక నడిచేది. దానికి తోడు గ్రంథాలయంలో పాత కవిత్వం. ఇరవై ఏళ్లు నిండేసరికి నా ఒళ్లంతా ధిక్కారమే. ఉద్యోగం మాత్రం పాతబస్తీలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో, చీరలకు సరిపోయే జాకెట్టు గుడ్డలు, లైనింగులు చింపి ఇవ్వడం. (విప్లవానికి ఎర్ర గుడ్డ కావాలంటే మా దగ్గర పద్నాలుగు రకాల ఎరుపులుండేవి.)

ఆ కొట్లో ఒక ఆచారం ఉండేది. పొద్దున తెరిచింది మొదలు మూసేదాకా కౌంటరు వెనక ఎవరూ కూర్చోకూడదు. గిరాకీ లేకపోతే మడతపెట్టిన గుడ్డనే విప్పి మళ్లీ మడతపెట్టాలి. "మీరు కూసుంటే బాజార్ల పోయేటోళ్లకు దుకాణం ఖాళీగున్నట్టు కనబడ్తది," అనేవాడు సేటు, తన కుర్చీలో వెనక్కి వాలి. పనిచేసే మా అయిదుగురిలో పెద్దది కార్వాన్ నుంచి వచ్చే అక్క. పేరు పెట్టి ఎవరం పిలిచేవాళ్లం కాదు, అందరికీ అక్కే. భర్త లేడు, ఇద్దరు పిల్లలు, ఆ జీతమే ఆధారం. సాయంత్రానికి ఆమె కాళ్లు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. నేనో అట్టముక్క మీద కవిత రాసి భోజనాల వేళ ఆవేశంగా చదివాను. అందులో "లేవండి" అని పదకొండు సార్లుంది. అక్క పెరుగన్నం కలుపుకుంటూ, "పొద్దుగాల్నుంచి లేసే ఉన్నం గదరా తమ్మీ. జెర కూసోమని రాయరాదు?" అంది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. రాయడం కాదు, చేసే చూపిస్తానన్నాను. మర్నాడు సేటు వచ్చే వేళకు అయిదుగురం గుడ్డల మూటల మీద కూర్చుని ఉండాలి. ఆయన కేకలేస్తే నేను మాట్లాడతాను. (మాటలు సిద్ధం, అద్దం ముందు మూడుసార్లు వల్లించాను కూడా.) "నౌకరీ పోతే నా పిల్లలు ఆగమైతరు. నువ్వు లేవవు గద?" అని అక్క రెండుసార్లు అడిగింది.

"నా పానం పోయినా లేవనక్కా," అన్నాను.

సేటు వచ్చాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడిందో లేదో, నా కాళ్లు నన్ను అడక్కుండానే లేచాయి. లేవడంతో ఊరుకోక, చేతులు ఓ గుడ్డ తీసి మడతపెట్టడం కూడా మొదలెట్టాయి. నన్ను చూసి మిగతా ముగ్గురూ లేచారు. అక్క ఒక్కతే కూర్చుని ఉంది. "ఏంది, తబియత్ ఖరాబయిందా?" అన్నాడు సేటు. ఒంట్లో బాగాలేదంటే సరిపోయేది. "లేదు సేటూ. కాళ్లు గుంజుతున్నయి. గిరాకీ లేనప్పుడు అందరం జెరసేపు కూసుంటమంటున్నం," అని ఆమె నా వైపు చూసింది. నేను మడత సరిచేసుకుంటున్నాను. "అయితే ఇంట్లనే కూసో. రేపటి సంది రాకు," అన్నాడాయన. అక్క టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

అద్దం ముందు వల్లించిన మాటలన్నీ తర్వాత ఓ కవితలో పెట్టాను. అందులో యజమాని రాగానే అందరూ లేస్తారు, ఒక్కడు మాత్రం లేవడు. ఆ ఒక్కణ్ణి 'నేను' అని రాసుకున్నాను. అది పత్రికలో అచ్చయింది. సిగ్గు లేకుండా ఆ పత్రిక పట్టుకుని కార్వాన్ వెళ్లాను. అక్క అప్పటికి ఇంట్లోనే చీరలకు ఫాల్సు కుడుతోంది. సూది పక్కన పెట్టి, అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివింది.

"మంచిగనే రాసినవ్ తమ్మీ," అని పత్రిక నా చేతికిచ్చింది. "గిండ్ల నేనేడున్న?"

ఇప్పుడు పాత సినిమాల్లో, కవిత్వంలో ధిక్కారం గురించి మాట్లాడమని నన్ను సభలకు పిలుస్తుంటారు. పరిచయం చేసేవారు ముందుగా ఆ కవితే చదువుతారు. చప్పట్లు మోగుతుంటే, అద్దం ముందు రొమ్ము విరుచుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ దండం పెడతాను. లేవకుండా కూర్చున్నది నేను కాదని మాత్రం ఇంతవరకూ ఒక్క సభలోనూ చెప్పలేదు.