గాజు గొట్టం మీద బొట్టు

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చిన్నది. బాయిలరులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపించే గాజు గొట్టం మీద కుంకుమ బొట్టు పెట్టాను, తర్వాత దాన్ని తుడవలేదు. ఆ తప్పు మీద నేనన్న మాట మాత్రం చిన్నది కాదు. ఇప్పుడు తలుచుకున్నా నోట్లో చేదు ఊరుతుంది.

మద్రాసు పెరంబూరులో కొత్త రైలుపెట్టెల ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న ఏళ్లవి. నేను పాత వర్క్‌షాపులో ఫిట్టరును. మా ఆవిడ మేనమామ అక్కడే రాగిపని మేస్త్రీ. ఆయన రిటైరవడానికి ఇంకా రెండు నెలలుంది. మేమిద్దరం మూడేళ్ల ఆదివారాలు కూర్చుని రెండు మూరల పొడవున్న ఆవిరి ఇంజను ఒకటి చేశాం. చూసినవాళ్లు బొమ్మ అనేవారు. కానీ పోకచెక్కలంత బొగ్గు ముక్కలు వేసి మండిస్తే, వెనక తగిలించిన చెక్క బండి మీద ఇద్దరు మనుషులను కూర్చోబెట్టుకుని లాగేది. చక్రాలు, సిలిండర్లు నా పని. బాయిలరు ఆయనది. రాగిరేకు వంచి, ప్రతి అతుకుకూ ఆయనే వెండి టంకం పోశాడు. నన్ను ముట్టనివ్వలేదు.

ఆయన పద్ధతులు నాకు చాదస్తంగా తోచేవి. బావిలో ఉప్పునీళ్లు వద్దు, పట్టి ఉంచిన వాననీళ్లే పోయాలి. నడిపిన ప్రతిసారీ గొట్టాల్లో మసి దులపాలి. అన్నిటికన్నా గాజు గొట్టం ముఖ్యం. అది పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా ఒక్కలాగే కనిపిస్తుంది. అందుకని కింది చిన్న కుళాయి తిప్పి, నీళ్లు దిగి మళ్లీ లేస్తున్నాయా అని చూసుకోవాలి. "కన్ను చెప్పేది సగమే అల్లుడా, కుళాయి తిప్పు" అనేవాడు.

ఆయుధపూజ నాడు వర్క్‌షాపులో మిషన్లతో పాటు మా ఇంజనుకూ పూజ చేశాం. చందనం, కుంకుమ నేనే పెట్టాను. పొగగొట్టానికి, చక్రాలకు, ఆఖరికి గాజు గొట్టానికి కూడా. మామ చూశాడు.

"ఏందిది? కంట్లో బొట్టు పెడతారా ఎవురన్నా? తుడిచెయ్."

"పూజ బొట్టు మామా. తుడిస్తే దోషం."

"దోషమా! రేపు నీళ్లు కనపడకపోతే దాన్నేమంటావు?"

తుడుస్తాలే అన్నాను, తుడవలేదు. అది భక్తి కాదు. ఇత్తడి మధ్య ఆ ఎరుపు అందంగా ఉంది, మర్నాడు ఇంజను చూడ్డానికి మా ఫోర్‌మన్ గారు వస్తున్నారు. అంతే.

మర్నాడు క్వార్టర్ల వెనక పట్టాలు పరిచాం. ఫోర్‌మన్ గారు తెల్ల ప్యాంటు వేసుకుని నా వెనకే బండి మీద కూర్చున్నారు. గాజు మీద బొట్టు అలాగే ఉంది, దాని చాటున నీళ్లు ఎంతవరకున్నాయో కనపడటం లేదు. కుళాయి తిప్పితే వేడినీళ్లు చిమ్ముతాయి, ఆ ప్యాంటు మీద పడతాయి. పంపు కొట్టి చల్లనీళ్లు లోపలికి ఎక్కిస్తే ఆవిరి తగ్గి ఇంజను నీరసపడుతుంది. జనం చప్పట్లు కొడుతున్నారు. పట్టాల ఆ చివర నుంచున్న మామ అరిచాడు, "కుళాయి తిప్పినావా?"

తిప్పానన్నట్టు చెయ్యెత్తాను.

ఇంకో రెండు సార్లు అటూ ఇటూ తిరిగామో లేదో మాడిన నూనె కంపు వచ్చింది. ఆ వెంటనే బుస్సుమని పొయ్యి నోట్లోంచి ఆవిరి, బూడిద, నిప్పురవ్వలు ఎగజిమ్మాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫోర్‌మన్ గారి ప్యాంటు నల్లగా అయింది. కుంకుమ, కందెనగా పోసిన ఆముదంతో కలిసి ఇత్తడి మీద పుండు రసిలా కారుతోంది.

"ఏమైందయ్యా?" అన్నారాయన.

"టంకం నిలవలేదు సార్" అన్నాను.

మామ అప్పటికే దగ్గరికి వచ్చాడు. విన్నాడు. గాజు గొట్టం వంక చూశాడు, నా వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఫోర్‌మన్ గారి ప్యాంటు దులపసాగాడు.

ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఆయన మీద ఒకటే ఎగతాళి. "ఏం మేస్త్రీ, టంకం అనుకోని గంజి పూసినావా?" "మనిషికన్నా ముందు చెయ్యి రిటైరైపోయిందప్పా!" మాటలతో పోలేదు. ముప్పై ఏళ్లలో ఎవరూ వేలెత్తి చూపని ఆయన పనిని రెండోసారి పరీక్షకు పంపడం మొదలుపెట్టారు. గంజి మాటకు అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను. చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. దాన్ని తలుచుకుంటే నా ఒంటిని నేనే తాకబుద్ధి కాదు.

"మామ ఈడికి రావడం లేదే, ఏం జేసినారు ఆయన్ని?" అని మా ఆవిడ అడిగింది. మజ్జిగ పొయ్యమన్నాను.

ఆవిడ అలా అడిగిన వారమే బాయిలరు విప్పి రంపంతో నిలువునా కోశాను. లోపల ఒక గీత ఉంది. దాని కింద రాగి శుభ్రంగా, టంకం పోసిన నాటిలాగే ఉంది. పైన మాడి, పెచ్చులు లేచి, టంకం కరిగి జారిపోయింది. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాగి రాసి పెట్టుకుంది. కాలవలో పారేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. అదీ చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల కూత వెయ్యగానే కోసిన బాయిలరు చెక్కలు రెండూ టీ కొట్టు బల్ల మీద పెట్టాను. ఫోర్‌మన్ గారిని పిలుచుకొచ్చాను.

"టంకం మంచిదే సార్. ఈ గీత పైన నీళ్లు లేవు. పంపు కొట్టనిది నేను. కుళాయి తిప్పకుండా తిప్పినానని చెయ్యెత్తింది నేను. ఆయన పనిని రెండోసారి పరీక్షకు పంపొద్దు."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావప్పా?" అని గంజి మాట అన్నతనే అడిగాడు. అతను పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

మామ క్యారియరు మూసి లేచి వచ్చాడు. కింది అతుకు వెంట బొటనవేలితో మెల్లగా తడిమాడు. "రంపం వంకర పోయింది" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం కొత్త రాగిరేకు భుజాన పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. రేకు గోడకు ఆనించి, వాకిట్లో కూర్చుని, జేబులోంచి గాజు గొట్టం తీసి, ఎండిపోయిన కుంకుమను తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.